నవల్లో అలా లేదు

నవల ఆధారంగా తీసిన సినిమా విడుదలైనప్పుడు విజయవాడ గాంధీనగర్‌లో ఏ హాలు మెట్ల దగ్గరైనా ఐదు నిమిషాలు నిలబడి చూడండి. “చంపేశాడండీ నవల్ని” అని ఒకరు. “ఫస్టాఫ్ పర్లేదు, సెకండాఫ్ అంతా వాడి సొంత పైత్యం” అని ఇంకొకరు. స్కూటర్ స్టాండు దాకా వెళ్ళేలోపు తీర్పు ఖాయమైపోతుంది: నవలే బాగుంది.

ఆ తీర్పుతో నాకు పెద్ద పేచీ లేదు, చాలాసార్లు అది నిజమే. పేచీ అంతా విచారణ జరిగే తీరుతోనే. సాక్ష్యంగా ఎప్పుడూ ఒకటే చూపిస్తారు, తేడాల జాబితా. నవల్లో మేనత్త ఉంది, సినిమాలో లేదు. నవల్లో రైల్లో కలుసుకుంటారు, సినిమాలో పెళ్ళిలో కలుసుకున్నారు. నవల్లో చివర ఆమె ఉత్తరం రాస్తుంది, ఇక్కడ పరిగెత్తుకొచ్చింది. జాబితా ఎంత పొడుగైతే నేరం అంత పెద్దదన్నమాట. ఈ పద్ధతిలో మంచి సినిమాకీ చెడ్డ సినిమాకీ ఒకే శిక్ష పడుతోంది. మేనత్త పోయినందువల్ల చెడిన నవల నాకు తెలిసి ఒక్కటీ లేదు. నవల చెడేది ఇంకోచోట. అది జాబితాకి దొరకదు.

ముందు పేజీల లెక్క

డెమీ సైజు పుస్తకంలో పేజీకి పాతిక పైచిలుకు వరసలు, వరసకి ఏడెనిమిది మాటలు. మొత్తం రెండొందల మాటలు అనుకుందాం. 250 పేజీల నవలంటే 50 వేల మాటలు. తొందర లేకుండా పైకి చదివితే నిమిషానికి వంద మాటలు నడుస్తాయి. అంటే 500 నిమిషాలు, ఎనిమిది గంటల పైమాటే. సినిమా రెండున్నర గంటలు. అందులో ఆరు పాటలు నాలుగేసి నిమిషాలు, మూడు ఫైట్లు ఐదేసి నిమిషాలు తీసేస్తే కథకి మిగిలేది 110 నిమిషాలు. ఎనిమిది గంటల సరుకు రెండు గంటల లోపు పట్టాలి. పాత రోజుల్లో 16 వేల అడుగుల సినిమాలు తీసినా నిమిషానికి 90 అడుగుల లెక్కన అవి మూడు గంటలు దాటేవి కావు.

ఈ లెక్క చెప్పగానే “అయితే నాలుగో వంతు కథే మిగులుతుందా?” అంటారు. అంత మొరటుగా కూడా జరగదు. నవల్లో మూడు రకాల సరుకు ఉంటుంది. వర్ణన తెరమీద ఇట్టే తేలిపోతుంది. రెండు పేజీల బంగళా వర్ణన, పోర్టికో, మెట్లు, హాల్లో నిలువుటద్దంతో సహా మూడు సెకన్ల షాటు. సంభాషణకి కాగితం మీద పట్టిన టైమే తెర మీదా పడుతుంది, నటుడు ఆగి చూస్తే ఇంకాస్త ఎక్కువ. మూడోది మనసులో మాట. దీనికి మారకం రేటే లేదు. “తను చెయ్యి వెనక్కి తీసుకుందని అతను గమనించాడేమో అనుకుంది, గమనించలేదని తెలిశాక ఇంకా బాధపడింది” అనే వాక్యాన్ని ఏ కెమెరా ఎన్ని నిమిషాలు చూసినా తియ్యలేదు. చెయ్యి తీసుకోవడం తియ్యగలదు. ఆ తర్వాత రెండు మలుపులూ తియ్యలేదు.

అందుకే కథ జోరుగా నడిచే నవలలు సినిమాకి సులువుగా లొంగాయి. యండమూరి ‘డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు’ 1984లో ‘ఛాలెంజ్’ అయింది. ఐదేళ్ళలో 50 లక్షలు సంపాదించాలన్న పందెం. పందెం ఒక్కటి చేతిలో ఉంటే సగం స్క్రీన్‌ప్లే ఉన్నట్టే. దాన్ని ‘నవలని చంపేశాడు’ అన్నవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు. విశ్వనాథ ‘ఏకవీర’ సంగతి వేరు. విజయవాడ ఎస్సారార్ కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి మధుర నాయకుల కాలం కథ రాశారు. కథగా చెప్తే ఒక్క వాక్యం: ఇద్దరు స్నేహితులు, ఒకడు మనసిచ్చిన అమ్మాయి రెండోవాడికి భార్యయింది, రెండోవాడు మనసిచ్చిన అమ్మాయి మొదటివాడికి. 1969లో సి.ఎస్.రావు దర్శకత్వంలో ఎన్టీ రామారావు, కాంతారావు, కె.ఆర్.విజయ, జమునలతో తీశారు, మాటలు సినారె రాశారు. సంఘటనలన్నీ ఉన్నా నవల చదివినవాళ్ళకి వెలితే. నవలంతా ఆ నలుగురూ పైకి అనని మాటల్లో ఉంది మరి.

బైండు పుస్తకం

లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో ఇప్పటికీ అప్పుడప్పుడూ కనిపిస్తాయి, వీక్లీల్లోంచి సీరియల్ పేజీలు చింపి కుట్టించిన బైండులు. అట్ట గళ్ళ కాలికో, వెన్నుకి ఎర్ర గుడ్డ, లోపల మొదటి పేజీలో ఎవరో ఫౌంటెన్ పెన్నుతో రాసిన నవల పేరు. తిరగేస్తే ప్రతి ఆరేడు పేజీలకీ ఒక ‘సశేషం’. వెనకవైపు సగంలో తెగిన వంటల శీర్షిక, తలనొప్పి మాత్రల ప్రకటన. పిన్నులు తుప్పుపట్టి చుట్టూ గోధుమరంగు మరకలు. మధ్యమధ్యలో బాపు బొమ్మో వపా బొమ్మో.

మన నవలా పాఠకులు నవలని చదివిన వస్తువు ఇదీ. రెండు గంటల్లో కాదు, రెండు రోజుల్లో కూడా కాదు, ముప్పై వారాల్లో. ముప్పై వారాలంటే ఇరవైతొమ్మిది కొక్కేలు. ప్రతి గురువారమో శుక్రవారమో కథ ఒక తలుపు దగ్గర ఆగిపోయేది. ఆ తర్వాత ఆరు రోజులు ఎదురింటావిడా పక్కింటావిడా పిట్టగోడ మీద కూర్చుని “ఆ పిల్ల ఒప్పుకుంటుందంటావా?” అని కథ నడిపేవాళ్ళు. సినిమాకి ఉన్నది ఒక్క కొక్కెం, ఇంటర్వెల్. ఇరవైతొమ్మిదిలో దర్శకుడు ఒకటి ఏరుకోవాలి. మన గుండె ఆగిన వారం, ఆయన ఏరుకున్న వారం ఒకటే అయ్యే అవకాశం తక్కువ. “అసలైన చోట తేలిపోయింది” అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడుంది.

రెండో సంగతి, ఆ బొమ్మలు. “నేను ఊహించుకున్న హీరో ఇలా ఉండడు” అంటారు గానీ, ఆ ఊహ పూర్తిగా మన సొంతం కాదు. పొడుగాటి ముక్కు, నుదుటి మీద పడే ఒక్క పాయ, వాల్జడ చివర ఒంపు, ఇవి చిత్రకారుడు ముందే మన కళ్ళలో పెట్టేసినవి. అంటే సినిమా రాకముందే నవల ఒకసారి బొమ్మగా మారింది. అప్పుడు ఎవరూ గొడవ చెయ్యలేదు, బొమ్మ కథతోపాటే వచ్చింది కాబట్టి.

ఇలాంటి బైండు ఒకదాంట్లో ఒక వారం తప్పిపోయింది. పద్దెనిమిదో భాగం పక్కన ఇరవయ్యోది కుట్టారు. మధ్యలో రూళ్ళ కాయితాలు రెండు అతికించి, చక్కటి దస్తూరీతో ఎవరో పంతొమ్మిదో వారం కథ రాసిపెట్టారు. చదివిన జ్ఞాపకంతో రాసినట్టుంది. పుస్తకంగా వచ్చిన ప్రతితో పోల్చి చూస్తే అందులో హీరో అనని మాటలు రెండున్నాయి, అన్న మాట ఒకటి లేదు. ఆ బైండు ఎన్ని చేతులు మారిందో తెలియదు గానీ, మార్జిన్లలో ఎవరెవరో పెన్సిలుతో బోలెడు రాసినా ఆ రెండు కాయితాల మీద మాత్రం ఎవరూ ‘ఇలా లేదు’ అని రాయలేదు.

జ్ఞాపకానికి చిన్న పరీక్ష

ఇష్టమైన నవల మీద సినిమా వస్తోందంటే ఒక పని చేసి చూడండి. పుస్తకం తెరవకుండా, గుర్తున్న ఘట్టాలు పది కాయితం మీద రాయండి. ఎవరు ఏమన్నారో కూడా. ఆ తర్వాత పుస్తకం తీసి ఒక్కొక్కటే వెతకండి. పదికి పదీ దొరికితే మీ జ్ఞాపకశక్తికి దండం. సాధారణంగా రెండు మూడు అసలు ఉండవు, ఇంకో రెండు వేరే నవల్లోవి అయ్యుంటాయి. యద్దనపూడి నవలలు వరసగా నాలుగు చదివినవాళ్ళకి కార్లూ మేడలూ మౌనంగా ఉండే ఆరడుగుల కథానాయకులూ కలిసిపోవడం వింతేమీ కాదు. మిగిలిన ఐదారిటినే సినిమాలో వెతకండి. సగం కోపం అక్కడే చల్లారుతుంది.

‘దేవదాసు’ తీసుకోండి. చివరి ఘట్టం అనగానే పార్వతి పరిగెత్తుకొస్తుంటే ముఖాన మూసుకునే తలుపులే ఎవరికైనా కళ్ళముందు కదుల్తాయి. నవల్లో కూడా అంతేనని పందెం కాసేవాళ్ళున్నారు. శరత్ 1917లో అచ్చువేసిన నవల్లో ఆ తలుపుల ఘట్టం లేదు. పరిగెత్తబోయిన పార్వతిని ఇంట్లోవాళ్ళు పట్టుకుంటారు, స్పృహ తప్పినదాన్ని లోపలికి మోసుకొస్తారు, మర్నాడు తెలివొచ్చి ఒక దాసీని ఒకటి రెండు మాటలు అడుగుతుంది, అంతే. తర్వాత రచయిత గొంతు సవరించుకుని నేరుగా మనతో మాట్లాడతాడు. పార్వతి ఏమైందో తనకి తెలియదంటాడు, తెలుసుకోవాలనీ లేదంటాడు. దేవదాసులాంటి అభాగ్యుడు ఎదురైతే కాస్త జాలిపడమంటాడు, చావొచ్చినా చివరి ఘడియలో నుదుటి మీద ఒక ఆప్తహస్తం లేని చావు ఎవరికీ రాకూడదంటాడు.

నవలకి అది ప్రాణం. కథ అయిపోయాక రచయిత వచ్చి మన పక్కన కూర్చోవడం. వేదాంతం రాఘవయ్య 1953లో తీసిన సినిమాలో ఆ గొంతు లేదు, ఉండదు కూడా. దానికి బదులేం పెట్టారన్నదే ప్రశ్న. నా మటుకు ‘జగమే మాయ’ పెట్టారంటాను. సముద్రాల రాసిన మాటలు దేవదాసు నోట్లోంచి వస్తున్నా, వినేటప్పుడు వాణ్ణి పక్కనుంచి చూస్తున్న మనిషి గొంతులా ఉంటుంది. మన సినిమాల్లో పాట చేసే పని ఇదే. “నవల్లో పాటలెక్కడివండీ?” అని వెక్కిరించేవాళ్ళు ఒకటి మర్చిపోతారు, మనసులో మాటకి తెర మీద మారకం లేదన్నానే, తెలుగు సినిమాకి ఉన్న ఒకేఒక్క మారకం పాట. పాట ఆ పని చేసిందో లేదో తేల్చడం తేలిక. దాన్ని తీసేసి తర్వాతి సీను చూడండి. మనిషి ఎందుకు మారాడో అర్థం కాకపోతే పాట నాలుగైదు పేజీల నవలని మోసినట్టు. ఏ తేడా లేకపోతే అది బఠాణీలు కొనుక్కోవడానికి ఇచ్చిన టైము.

చక్రపాణి అనువాదాల పుణ్యమా అని శరత్‌ని తెలుగువాడే అనుకున్న తరం ఒకటుంది. అయినా 1974లో విజయనిర్మల మళ్ళీ ‘దేవదాసు’ తీస్తే జనం నవలతో పోల్చలేదు, 1953 సినిమాతో పోల్చారు. ఆ పోలికలో అది నిలబడలేకపోయింది. అదే విజయనిర్మల అంతకు ముందు సంవత్సరం యద్దనపూడి ‘మీనా’ తీశారు, అది ఆడింది. దర్శకురాలు ఒకరే, హీరో ఒకరే, ఏడాది తేడా. ఒకదానికి ముందు పుస్తకం మాత్రమే ఉంది, రెండోదానికి ముందు నాగేశ్వరరావూ సావిత్రీ ఉన్నారు. ప్రేక్షకుడికి ‘మూలం’ అంటే రచయిత రాసింది అనుకుంటాం గానీ, ముందుగా మనసులోకి ఎక్కిందేదో అదే మూలం.

ఎవరి కళ్ళతో

ఇంతకీ నవల చెడేది ఎక్కడంటే, నా లెక్కలో, కన్ను మారిన చోట. ప్రతి నవలా ఎవరో ఒకరి వెనక నిలబడి చెప్తుంది. వాళ్ళకి తెలిసిందే మనకి తెలుస్తుంది, వాళ్ళకి తెలియంది మనకీ తెలియదు. సంఘటనలు సగం పోయినా ఈ ఏర్పాటు మిగిలితే నవల బతుకుతుంది.

యద్దనపూడి ‘సెక్రటరీ’ నవల్లో మనం జయంతి పక్కన ఉంటాం. రాజశేఖరం ఎలాంటివాడో ఆమెకి తేలదు, మనకీ తేలదు. అతను మంచివాడా, అమ్మాయిలతో ఆడుకునేవాడా అన్న ఊగిసలాట మీదే పేజీలు తిరుగుతాయి. 1976 సినిమాలో రాజశేఖరంగా నాగేశ్వరరావు తెర మీదికి రాగానే ఆ ప్రశ్న కాస్తా ఆవిరైపోయింది. నాగేశ్వరరావు చివరికి చెడ్డవాడుగా తేలడని హాల్లో ఉన్న పసిపిల్లాడికి కూడా తెలుసు. వాణిశ్రీ ఎంత సందేహంగా చూసినా ఆ సందేహం ఆమెదే, మనది కాదు. సంఘటన ఏదీ మార్చకుండానే, కేవలం ఎవరిని పెట్టుకున్నారన్న ఒక్కదానివల్ల నవల ఇరుసు విరిగింది. ఈ నష్టాన్ని తేడాల జాబితా పట్టుకోలేదు, అందులో తేడా లేదు కాబట్టి.

ఒక ఆదివారం మాట్నీ వదిలాక ఇలాంటి సినిమా గురించే ఇద్దరి మధ్య జరిగిన మాటలు:

“పిన్నీ, నవల్లో కూడా వీడు ఇంత మెత్తగా ఉంటాడా?”

“మెత్తగా కాదే, మాట్లాడడు అంతే. పుస్తకంలో మాట్లాడకపోతే మనమే ఏదో ఉందనుకుంటాం. ఇక్కడ మాట్లాడకపోతే డైలాగు మర్చిపోయినట్టుంది.”

విమర్శకులు పేజీలు రాసినా ఇంతకంటే ఏం చెప్తారు?

‘కాలాతీత వ్యక్తులు’ ఇంకో తీరు. పి.శ్రీదేవి విశాఖపట్నం నేపథ్యంలో రాసిన నవల, ‘తెలుగు స్వతంత్ర’లో 1957లో సీరియల్‌గా వచ్చింది. దాని ప్రాణం ఇందిర. తాగుబోతు తండ్రిని పోషిస్తూ, ఎవరి జాలికీ ఎదురు చూడకుండా, తనకేం కావాలో తెలిసిన మనిషి. రచయిత్రి ఆమెను మెచ్చుకోదు, తిట్టదు, శిక్షించదు. 1963లో ఆదుర్తి సుబ్బారావు ఆ నవల ఆధారంగా ‘చదువుకున్న అమ్మాయిలు’ తీశారు. సావిత్రి, కృష్ణకుమారి, ఇ.వి.సరోజ. చూడ్డానికి హాయిగా ఉంటుంది, పాటలు ఇప్పటికీ పాడుకుంటారు. నవల చదవనివాళ్ళకి దాంట్లో లోటేమీ కనబడదు. చదివినవాళ్ళు ఇందిరని వెతుకుతారు, దొరకదు. ఆ పేరు కాదు, ఆ చూపు. ఎవరినీ తీర్పు తీర్చకుండా చూసే చూపు పోయి, ఎవరు మంచి అమ్మాయో ముందే నిర్ణయించుకున్న చూపు వచ్చింది. ఇక్కడ ‘నవల్లో అలా లేదు’ అనే మాటకి పూర్తి అర్హత ఉంది. కానీ అలా అనేవాళ్ళు ఎత్తి చూపేది ఎక్కువగా ఇంటి పేర్లూ ఊరి పేర్లూ.

దీనికి ఎదురు ఉదాహరణ ‘మిథునం’. శ్రీరమణ గుంటూరు జిల్లా మనిషి. పాతిక పేజీల పెద్ద కథ, బాపు ముచ్చటపడి మొత్తం తన దస్తూరీతో రాసిపెట్టిన కథ. అందులో అప్పదాసునీ బుచ్చిలక్ష్మినీ బయటి నుంచి వచ్చి చూసే కథకుడు ఒకడున్నాడు. ఆ వచ్చిపోయే మనిషి కంటితోనే మనకి వాళ్ళ అలకలూ తిండిగోలా కనిపిస్తాయి. ఎం.టి.వాసుదేవన్ నాయర్ 2000లో మలయాళంలో తీసినప్పుడు ఆ జంట చుట్టూ ఊరినీ మనుషుల్నీ ఉంచారు. తనికెళ్ళ భరణి 2012లో తెలుగులో తీసినప్పుడు అందర్నీ తీసేశారు. తెర మీద ఇద్దరే, బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి. కథకుణ్ణే ఎత్తేశారంటే నా సిద్ధాంతం ప్రకారం సినిమా కుప్పకూలాలి. కూలలేదు. ఎందుకంటే ఆ కుర్చీలో మనల్ని కూర్చోబెట్టారు. వాకిట్లో ఇంకెవరూ లేకపోవడంతో ఆ ఇంటికొచ్చిన చుట్టం ప్రేక్షకుడే అయ్యాడు. మనిషిని తీసి అతని చోటు మాత్రం ఖాళీగా ఉంచారు, మనం వెళ్ళి అందులో సర్దుకున్నాం.

ఇంకో చిన్న విషయం కూడా ఉంది. పాతిక పేజీల కథని రెండు గంటలకి పెంచాలంటే కలపాలి, 250 పేజీల నవలని కుదించాలంటే కొయ్యాలి. కలిపినప్పుడు మనం పెద్దమనసు చేసుకుంటాం, కోసినప్పుడు లెక్కలు తీస్తాం. చలం ‘దోషగుణం’ కథని ఇంద్రగంటి మోహనకృష్ణ 2004లో ‘గ్రహణం’గా తీసినప్పుడూ ఇదే జరిగింది. పెద్ద నవల కంటే పెద్ద కథ సినిమాకి మేలైన సరుకని నా గట్టి నమ్మకం. పెద్ద నిర్మాతలు వినరు, వాళ్ళకి పేరున్న నవల కావాలి.

‘మాధ్యమం వేరు’ అనే గొడుగు

ఇంతసేపూ ప్రేక్షకుణ్ణే నిలదీశాను కాబట్టి రెండోవైపు వాళ్ళని వదిలిపెడితే అన్యాయం. ఏ మార్పు గురించి అడిగినా “సినిమా మాధ్యమం వేరండీ” అనేస్తారు. అది నిజమే గనక మరీ చిరాకు. ఆ ఒక్క గొడుగు కింద అవసరమైన మార్పూ, మార్కెట్ కోసం చేసిన మార్పూ రెండూ తలదాచుకుంటాయి.

‘కొండపొలం’ చూడండి. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల. కరువుకి తాళలేక గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కిన కాపరులూ, వాళ్ళ వెంట వెళ్ళిన చదువుకున్న కుర్రాడు రవీంద్రా. క్రిష్ 2021లో సినిమా తీశారు. నవలలో లేని ఓబులమ్మ సినిమాలోకి వచ్చింది. హీరోయిన్ కోసం ఇరికించారని చాలామంది ఒక్క ముక్కలో కొట్టేశారు. నాకు అంత తేలిగ్గా తేలలేదు. నవల్లో కుర్రాడి భయం అతని లోపలే ఉంటుంది, అడవి శబ్దాలకి అతని ఒళ్ళు ఎలా బిగుసుకుంటుందో రచయిత చెప్తాడు. తెర మీద ఆ భయాన్ని ఎవరితోనైనా మాట్లాడించాలి, లేదా భయం లేని మనిషిని పక్కన నిలబెట్టి తేడా చూపించాలి. ఓబులమ్మ ఆ పనికొచ్చిన సీన్లు ఉన్నాయి, అక్కడ ఆమె నవలకి ద్రోహం చెయ్యలేదు. ప్రేమ పాటలోకి మళ్ళిన చోట మాత్రం అడవి వెనక తెర అయిపోయింది. ఒకే పాత్ర, ఒక సీనులో అనువాదం, ఇంకో సీనులో అలంకారం. మొత్తంగా ‘ఉండాల్సింది’, ‘ఉండకూడదు’ అని ఓటేస్తే ఈ తేడా పోతుంది.

వాయిస్ ఓవర్ కూడా ఈ గొడుగు కిందిదే. రచయిత గొంతుని కాపాడామనుకుంటూ వాక్యాలు ఎత్తి నేపథ్యంలో చదివిస్తారు. వాన పడుతుంటుంది, “ఆ రోజు వాన పడుతోంది” అని గొంతు. తెరకి తెలియంది చెప్తేనే ఆ గొంతుకి పని. తెలిసింది చెప్తే రెండూ దండగ.

టైటిల్ కార్డు

‘మీనా’ కథ 1973తో ఆగలేదు. 2016లో త్రివిక్రమ్ ‘అ ఆ’ వచ్చింది. గట్టి తల్లి చాటున పెరిగిన డబ్బున్న అమ్మాయి, తల్లివైపు చుట్టాల పల్లెటూరికి వెళ్ళడం. యద్దనపూడి పాఠకులు మొదటి రోజే పోల్చుకున్నారు. విడుదలప్పుడు తెర మీద ఆ నవల పేరు లేదు. రచ్చ అయ్యాక కృతజ్ఞతగా చేర్చారు.

పేరు వెయ్యకముందూ వేశాకా జనం నోట విన్న మాటలు గమనిస్తే ఒక వింత కనిపిస్తుంది. పేరు వెయ్యనప్పుడు పోలికలు వెతికారు: “ఇదిగో ఈ సీను నవల్లోదే, ఇదిగో ఈ మాట కూడా.” పేరు వేశాక తేడాలు వెతికారు: “నవల్లో ఆ అమ్మాయి ఇలా ఉండదు, ఈ కామెడీ ఎక్కడిది?” సినిమా ఒక్క ఫ్రేము మారలేదు. పేరు లేకపోతే కాపీ, ఉంటే ద్రోహం. ఒకటే మార్పు ఒకప్పుడు దొంగతనాన్ని దాచడానికి చేసింది, ఇంకోప్పుడు మూలాన్ని పాడు చెయ్యడానికి చేసింది. టైటిల్ కార్డు మీద ఒక వరస మనం ఏ కళ్ళజోడు పెట్టుకోవాలో నిర్ణయిస్తోంది. పేరు వెయ్యడం రచయిత్రికి దక్కాల్సిన మర్యాద, అందులో రెండో మాట లేదు. దాని ప్రభావం మన చూపు మీద ఇంత ఉంటుందన్నదే నేను అంటున్నది.

నా వాదనకి చిల్లు

ఈ కన్ను సిద్ధాంతానికి చిల్లు ఎక్కడుందో నాకు తెలుసు. ‘చదువుకున్న అమ్మాయిలు’ చూసి నవ్వుకున్నవాళ్ళలో ఎక్కువమందికి ఇందిర ఎవరో తెలియదు. తెలియనివాళ్ళకి లోటు లేనప్పుడు ఆ లోటు సినిమాదా, చదివినవాళ్ళదా? సినిమాని సినిమాగా చూడాలి, పుస్తకం ఊసెత్తకూడదు అనే వాదన బలమైందే. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నవల పేరు అమ్ముకుని హాలుకి పిలిచినప్పుడు నవలతో పోల్చే హక్కు కూడా టికెట్‌తోపాటు ఇచ్చినట్టేనని మాత్రం అంటాను. పేరు చెప్పకుండా పిలిచినప్పుడు ఆ హక్కు బలహీనపడుతుందా అంటే, పైన ‘అ ఆ’ సంగతి చూశాం, బలహీనపడదు, ఇంకో కోర్టుకి మారుతుంది.

ఇంకో అనుమానం. కోపం తెచ్చుకునే పాఠకుల్ని అమాయకులన్నట్టు రాశానేమో. ఆ కోపం లేకపోతే ‘కాలాతీత వ్యక్తులు’ పేరు కూడా ఈపాటికి మరుగున పడేది. జనవరిలో విజయవాడ పుస్తకాల పండగలో ఆ నవల అడిగి కొనేవాళ్ళలో, సినిమాలో దాన్ని ఏదో చేసేశారట అని విని వచ్చినవాళ్ళూ ఉంటారు. తేడాల జాబితా తప్పు సాక్ష్యమే, కాకపోతే కేసు బతికుండేలా చేస్తోంది.

చివరగా ఒక నవల సంగతి. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’. తెనాలిలో త్రిపురనేని వారింట పెరిగిన మనిషి, సినిమా పని బాగా తెలిసినవాడు, 1950లో ‘లక్ష్మమ్మ’కి స్వయంగా దర్శకత్వం చేశాడు. కెమెరా చేతిలో ఉండి కూడా తను దర్శకత్వం చేసిన సినిమాలకి ఈ నవల తీసుకోలేదు. సీతారామారావు కథలో జరిగేవి చెప్పుకుంటే నాలుగు: ఆస్తి పోవడం, పెళ్ళి, భార్య మీద చెయ్యి చేసుకోవడం, శ్మశానం. ఈ నాలుగూ తూచా తప్పకుండా తియ్యొచ్చు. తీస్తే చూసేవాడికి కనపడేది పెళ్ళాన్ని కొట్టే ఒక సోమరి. నవల్లో మనం ఉండేది ఆ సోమరి బుర్రలో, అతని వాదనలు ఒక్కోసారి మనకే సబబుగా తోచి ఉలిక్కిపడతాం. ఎవరైనా ధైర్యం చేసి తీస్తే నేను చూసేది శ్మశానం సీను ఉందా లేదా అని కాదు. అతను చెయ్యెత్తిన సీనులో కెమెరా ఎవరి వైపు నిలబడిందో చూస్తాను, ఆ దెబ్బకి ముందు అతను చెప్పుకునే కారణాలకి హాల్లో ఎవరైనా తల ఊపారేమో పక్క సీట్ల వైపు కూడా ఓసారి చూస్తాను.